గాలి లేని అల

గద్దముక్కు, భీమిలి దగ్గర
జూన్ 4, 2025

అత్తా,

నువ్వు పంపిన ఎండు మెత్తళ్ళ పొట్లం అందింది. వాసనకి పక్కగది అమ్మాయి తలుపు వేసుకుంది. మర్నాడు వేయించి పెడితే అందరికంటే ముందు పళ్ళెం పట్టుకుని ఆ అమ్మాయే కూర్చుంది.

మొన్న నీకు ఫోను చేశాను. "ఎవరూ, ఎవరూ" అంటూనే ఉన్నావు. అరిచి అరిచి చివరికి పెట్టేశాను. నీ చెవులు ఇంత మందగించాయని తెలీదు. బావ ఫోనుకి చేసి నీకు చెప్పమనొచ్చు. కానీ నేను వచ్చేసిన రోజున "తిరిగొచ్చేదాకా నాకు ఫోను చెయ్యకు" అన్నాడుగా. రెండేళ్ళవుతోంది, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ చెయ్యలేదు. అందుకని మనకిక ఉత్తరాలే.

చెక్క మీద నిలబడితే జీతమెందుకిస్తారని మామయ్య నవ్వుతున్నాడని రాశావు. నేను నిలబడినందుకు కాదు, ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళని నిలబెట్టినందుకు ఇస్తారని చెప్పు. ఈ సర్ఫింగ్ బడి జయపాల్ గారిది. ఇక్కడ కొండ ఒకటి గద్దముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. మన దగ్గర కెరటం ఒడ్డు పొడుగునా ఒక్కసారే విరిగి పడుతుంది. ఇక్కడ అలా కాదు. ముందు ముక్కు కొస దగ్గర తెల్లబడుతుంది. అక్కణ్ణుంచి రాళ్ళ వెంట చాప పరిచినట్టు విప్పుకుంటూ లోపలి ఇసుక దాకా వస్తుంది. విరుగుతున్న అంచుకి కాస్త ముందుగా మనం జారుతూ రావాలి. అంతే పని. ఆ అంతే రావడానికి నాకు ఏడాది పట్టింది.

ఈ నెలలో ఇక్కడ పోటీలున్నాయి. తేదీ ముందే చెప్పరు. అల చూసి ఆ ఉదయమే జెండా ఎగరేస్తారు. అందుకని అందరం లేస్తూనే గాలి లెక్కలు చూసుకుంటున్నాం. పదిహేను దాటాక ఓ వారం పది రోజులు సముద్రం చాలా బాగుంటుందని కనిపిస్తోంది. దక్షిణం నుంచి పొడుగాటి అలలు వస్తాయట, ఒకదానికొకటి ఎడంగా. గాలి మాత్రం ఉండదు. ఉన్నా పొద్దున పూట పడమట నుంచి, చీర కొంగు కదిలేటంత. మబ్బు లేదు, వాన లేదు. ఇంతకంటే మంచి రోజులు ఈ ఏడాది రావంటున్నారు జయపాల్ గారు.

సాయంత్రం కొండెక్కి కూర్చుంటే దక్షిణం వైపు అన్నీ నీళ్ళే. ఆ నీళ్ళ వెంటే పోతే మీరుంటారు కదా అనుకుంటాను. ఇక్కడ నీళ్ళు అడుగున రాళ్ళు కనబడేంత తేటగా ఉంటాయి. నాకు మాత్రం ఏటి మట్టి కలిసిన మన ఎర్రనీళ్ళే కళ్ళలో మెదులుతుంటాయి.

నీ పద్మ


లంకమొగ, నాగాయలంక మీదుగా
జూన్ 10

నా తల్లి పద్మకి,

నా చెవులకేం కాలేదు. మీ ఫోన్లలోనే గొంతు సరిగా రావడం లేదు.

వేట నిషేధం పద్నాలుగుతో అయిపోతుంది. ఈ రెండు నెలలూ మగాళ్ళందరూ ఇళ్ళల్లో కూర్చుని ఒకరి తప్పులొకరు వెతుక్కున్నారు. మీ మామయ్యకి నేను చేసిన ఏ కూరా నచ్చలేదు. నాకు మీ మామయ్యే నచ్చలేదు. బావ పడవకి కొత్తగా పచ్చరంగు వేశాడు. నీలం వెయ్యరా అంటే, నీళ్ళలో కలిసిపోతుంది వద్దన్నాడు.

నీ ఉత్తరం అన్నాల దగ్గర చదివి వినిపించాను. మీ మామయ్య రెండోసారి చదవమన్నాడు. బావ తలెత్తలేదు గానీ అన్నం కలపడం ఆపాడు. సముద్రం బాగుంటుందన్నావు, గాలి ఉండదన్నావు. మాకు అంతకంటే ఏం కావాలి.

ఇంకో సంగతి. పల్లిపాలెం నుంచి బావకి సంబంధం ఒకటి వచ్చింది. పిల్ల కుట్టుపని నేర్చుకుంది, ఎర్రగా ఉంటుంది. వాళ్ళు తొందరపడుతున్నారు. వాడికీ ముప్ఫై దగ్గర పడుతోంది. మా అన్న, మీ నాన్న ఉండి ఉంటే ఆ మాట ఆయనతోనే మాట్లాడుకునేదాన్ని. ఇప్పుడు నీకే రాస్తున్నాను. నువ్వేమంటావో చెప్పు.

నీ మంచం మీద వలలు వేస్తామంటే నేను వెయ్యనివ్వడం లేదు.

అత్త


గద్దముక్కు
జూన్ 17

అత్తా,

ఇవాళ జెండా ఎగిరింది. తల తుడుచుకోకుండానే రాస్తున్నాను, చెదిరిన అక్షరాలు చూసి కంగారుపడకు.

వారం నుంచి మేమంతా కొండకింద గుడారాల్లోనే ఉంటున్నాం. పొద్దున లేచి చూద్దును కదా, ముక్కు కొస దగ్గర అల ఇల్లంత లేస్తోంది. గాలి లేదు. నీళ్ళ మీద ఒక్క ముడత లేదు. అంత పెద్దది అంత నెమ్మదిగా రావడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసింది. వెళ్ళకపోతే ఇంకా భయంగా ఉంటుందనిపించి వెళ్ళాను.

మొదటిది వదిలేశాను. రెండోదాని మీద బోర్లా పడ్డాను. మూడోది ఎక్కాను అత్తా. లేచి నిలబడేసరికి కాళ్ళకింద బోర్డు ఉన్నట్టే లేదు. కుడిచేతి పక్కన నీటి గోడ, వేళ్ళతో రాసుకుంటూ వచ్చాను. కొండ మీద నిలబడ్డవాళ్ళు నాతోపాటే పరిగెత్తుతున్నారు. ముక్కు కొస నుంచి లోపలి ఇసుక దాకా పడకుండా వచ్చాను. జయపాల్ గారి భార్య మార్త గారు ఒడ్డున టవల్ పట్టుకుని నిలబడి ఏడ్చారు. ఎందుకండీ అంటే, తెలీదమ్మా అన్నారు.

రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది ఇవ్వకపోయినా నాకేం బాధలేదు.

మీరూ ఈపాటికి వేటలో ఉంటారు. పడవ నిండిందా? నాకు వారం సెలవిస్తామన్నారు. రానా? బహుమతి వచ్చిందన్న మాట మీకు ఎదురుగా నిలబడి చెప్పాలని ఉంది. బావ నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, వింటే చాలు.

పద్మ


విజయవాడ
జూన్ 24

పద్మా,

నీ ఉత్తరం మీ మామయ్య ఇక్కడికి తెచ్చి ఇచ్చాడు. బహుమతి వచ్చినందుకు సంతోషం.

మేము పని మీద బెజవాడలో ఉన్నాం. ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. ఇప్పుడు రావద్దు. వచ్చినా నీతో కూర్చునే తీరిక నాకుండదు. చెప్పినప్పుడు వద్దువుగాని.

ఉప్పునీళ్ళలో ఉంటావు, తలకి నూనె రాసుకో.

అత్త


గద్దముక్కు
జూన్ 29

అత్తకి,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. పదో తేదీది పోటీల హడావిడిలో బడి ఆఫీసులోనే ఉండిపోయింది. పోటీ అయిన మర్నాడు చేతికొచ్చింది. జవాబు రాయడానికి కూర్చుని రెండుసార్లు చింపేశాను.

ఇప్పుడిక రాయక్కర్లేదని అర్థమైంది. బెజవాడలో పనంటే ఏమిటో నాకు తెలీదా. పెళ్ళిబట్టలకి మనవాళ్ళు అక్కడికి కాక ఎక్కడికి వెళ్తారు. పదో తరగతి పాసైనప్పుడు నన్ను మంగళగిరి తీసుకెళ్ళావు, గుర్తుందా. బట్టల కొట్లో ఒక చీర అంచు చాలాసేపు తడిమావు. "ఇలాంటిది నీ పెళ్ళికి" అన్నావు. కొట్టు అబ్బాయి మడత విప్పబోతే "ఇప్పుడు కాదులే నాయనా" అని లేచావు. ఆటోలో వస్తుంటే నీ చెయ్యి నా చేతిలోనే ఉంది.

బావకి శుభం జరగాలి. మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. వెళ్ళింది నేనే కాబట్టి అడిగే హక్కు నాకు లేదు. నాతో కూర్చునే తీరిక లేదని రాశావు చూడు, అది మాత్రం రాయకుండా ఉండాల్సింది.

సముద్రం ఇంకా బాగానే ఉంది. మీకూ బాగుండి ఉంటుంది.

పద్మశ్రీ


విజయవాడ
జూలై 4

పద్మా,

బావకి శుభం జరగాలని రాశావు. వాడి మంచం పక్కన కూర్చుని చదివాను ఆ మాట. ఇది పెళ్ళిమంటపం కాదు, ఆస్పత్రి.

నీకు బహుమతి వచ్చిన రోజే మా పడవ తిరగబడింది. ఆ పొద్దున ఆకాశం కడిగినట్టుంది. గాలి లేదు. ఒడ్డు నుంచి చూస్తే నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. "పద్మ చెప్పినట్టే ఉందే" అన్నాడు మీ మామయ్య. తండ్రీకొడుకులిద్దరూ బయలుదేరారు. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక మేట ఉంటుంది కదా, దాని మీదకి వెళ్ళేసరికి ఎదురుగా నీళ్ళు గోడలా లేచాయట. రెండు దాటారు. మూడోది పడవని నిలువునా లేపి వెనక్కి తిరగేసింది. మీ మామయ్య ఎగిరి దూరంగా పడ్డాడు. బావ పడవ కింద ఉండిపోయాడు. వెనకే వస్తున్న రత్తయ్య వాళ్ళు దూకి లాగారు.

తొడ ఎముక విరిగింది. అవనిగడ్డలో కట్టు కట్టి బెజవాడ పంపారు. అంబులెన్సులో పామర్రు దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత కళ్ళు మూశాడు. ఉయ్యూరు వచ్చింది, చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది లేరా అని చెంపలు తట్టాను. లేవలేదు. బెజవాడ చేరేదాకా నేను ఎలా ఉన్నానో నాకే తెలీదు.

కాల్లో రాడ్డు వేశారు. నడుస్తాడన్నారు, ఎప్పటికో చెప్పలేదు. పడవ రెండు ముక్కలైంది. ఇంజను దొరకలేదు.

నీకు ఎందుకు రాయలేదంటే, నీ సంతోషం ఉత్తరం చదివాక ఇది రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు వస్తానంటే వద్దన్నది కూడా అందుకే. నువ్వేమో చీరలు కొంటున్నామనుకున్నావు. కట్టుకున్నది కాక ఇంకొక్క చీరతో ఈ వరండాలో పడుకుంటున్నాను.

బాగుంటుందని ఎందుకు రాశావే?

రేపు ఇంటికి పంపేస్తారట.

అత్త


గద్దముక్కు
జూలై 11

అత్తా,

నీ ఉత్తరం అందిన రోజే రైలెక్కాను. తెల్లారి బెజవాడలో దిగి అవనిగడ్డ బస్సు పట్టుకున్నాను. పామర్రులో బస్సు కాసేపు ఆగింది. టీ తాగుదామని దిగాను. చేలల్లోకి నీళ్ళు వదిలారు, నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. అక్కడే నిలబడి చూస్తుంటే మామయ్య అన్న మాట చెవిలో మోగింది. పద్మ చెప్పినట్టే ఉందే. గుమ్మంలో నన్ను చూడగానే మామయ్య మొహం ఎలా ఉంటుందో అనుకున్నాను. కండక్టరు పిలిచాడు. "మీరు వెళ్ళండి" అన్నాను. ఎదురుగా బెజవాడ వెళ్ళే బస్సు వస్తే ఎక్కేశాను. అలా వెనక్కి తిరిగింది నేనేనా అనిపిస్తోంది ఇప్పుడు.

ఎందుకు రాశానో చెబుతాను. నాకు సముద్రం బాగుండటమంటే అల రావడం. మీకు బాగుండటమంటే అల రాకపోవడం. మీ మధ్య పెరిగి కూడా ఆ మాట మర్చిపోయాను. ఆ అలలు మన గాలికి లేచినవి కావు. ఎక్కడో దక్షిణాన, ఊరూ పేరూ లేని సముద్రంలో పెద్ద తుఫాను లేస్తే, దాని పొంగు రోజుల తరబడి నడిచి మన ఒడ్డుకొస్తుంది. ఇక్కడికీ అదే, అక్కడికీ అదే. నేను దాని మీద నిలబడ్డాను. బావ దాని కింద పడ్డాడు.

నువ్వు జూన్‌లో రాశావు, "గాలి ఉండదన్నావు, మాకు అంతకంటే ఏం కావాలి" అని. అది నా చేతికి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. అయినా చదివినప్పుడు నాకు గుండె ఆగాలి కదా. ఆగలేదు. దాని కింద ఉన్న సంబంధం మాట దగ్గరే నా కళ్ళు ఉండిపోయాయి.

బోర్డు గోడకి ఆనించి పెట్టేశాను. నీళ్ళలోకి వెళ్ళడం లేదు. మానేస్తానని జయపాల్ గారికి చెప్పాను. "నెలాఖరుదాకా ఆగమ్మా, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నారు. మానేసి ఎక్కడికి వెళ్తానో మాత్రం తెలీదు. ఇంటికి రాలేనని పామర్రులో తెలిసింది.

పద్మ


లంకమొగ
జూలై 17

పిచ్చిపిల్లా,

పామర్రు దాకా వచ్చి వెనక్కి వెళ్ళావా. అది చదవగానే మీ మామయ్య లేచి బయటికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చి, "పామర్రులో ఎవర్నడిగినా మన వైపు వచ్చే ఆటో చూపించేవాళ్ళు కదా" అన్నాడు, నువ్వేదో దారి తెలీక వెళ్ళిపోయినట్టు. ఆయనకి అంతకంటే చెప్పడం రాదు.

ఎందుకు రాశావే అన్నది కోపంలో అన్న మాట. ఆ కోపం నీ మీద కాదు. పడవ తిరగబడడానికి ముందురోజు బావ ఫోనుకి గవర్నమెంటు వాళ్ళ మెసేజి వచ్చింది, అలలు లేస్తాయి, చిన్న పడవలు వెళ్ళొద్దని. వాడు తెచ్చి నాకు చూపించాడు. "ఏం చెయ్యమంటావమ్మా" అన్నాడు. నేనే అన్నాను, "గాలి లేకుండా అలలేమిట్రా. మన పిల్ల చూసి రాసింది కదా" అని. ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాను కూడా, మా పద్మ సముద్రం చూసి చెబుతుందని. నిన్ను గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం. అందులో పడి నా కొడుకుని పంపించాను. ఈ మాట వాడికి చెబితే "ఊరుకో, వెళ్ళింది నేను" అన్నాడు.

పల్లిపాలెం సంబంధం సంగతి విను. అది వచ్చిన రోజే వాడు వద్దన్నాడు. వద్దన్నాకే నీకు రాశాను. నువ్వు ఉలిక్కిపడి పరుగెత్తుకొస్తావనుకున్నాను. నువ్వేమో శుభమన్నావు. ఆ ఉత్తరం గట్టిగా చదివి తప్పు చేశాను. వాడు రెండురోజులు నాతో కూడా మాట్లాడలేదు. కాలు విరిగినందుకు ఒక్కసారి కూడా మూలగనివాడు.

మొన్న తనే అడిగాడు, పోటీ రోజు పద్మ ఏం రాసింది అని. చదివాను. అంతా విని "పడిపోలేదుగా?" అన్నాడు. లేదురా, ఇసుక దాకా వచ్చిందట అన్నాను. "ఊఁ" అని గోడవైపు తిరిగాడు. నిద్రపోయాడనుకున్నాను. అన్నం తెచ్చి లేపితే, "ఇల్లంత అంటే, మన ఇల్లంతా?" అన్నాడు.

మానెయ్యకు. మానేసి మా ఎదురుగా తలొంచుకుని కూర్చునే పిల్లని నేనేం చేసుకోను. సముద్రం సంగతి మళ్ళీ రాయి. కాకపోతే మాకోసం రాయి.

అత్త


గద్దముక్కు
జూలై 24

అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత బాగా నిద్రపట్టింది.

మీకోసం రాస్తున్నాను. బాగుంటుంది అన్న మాట ఇక వాడను. ఈ నెలాఖరు దాకా దక్షిణం నుంచి పొంగు ఉంది. ఎండ కాసినా, గాలి లేకపోయినా ఎవరూ ఏటి మొగ దాటొద్దు. ఉత్తరం ఆలస్యమవుతుందని రత్తయ్య బాబాయికి ఫోను చేసి ఇప్పుడే చెప్పాను. ప్రభుత్వం మెసేజి ఒకటి, నా మాట ఒకటి అయితే మెసేజే వినమన్నాను. ఆగస్టు మొదట్లో అల తగ్గుతుంది గానీ మధ్యాహ్నాలు పడమటి గాలి విసురుగా ఉంటుంది. పొద్దున వెళ్ళినవాళ్ళు ఎండెక్కకముందే తిరిగిరావాలి. ఆ తర్వాత వారం మధ్యకి గాలి పడిపోతుంది, అల కూడా పడిపోతుంది. ఇంత ముందుగా చెప్పడం కష్టం, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు.

నిన్న మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాను. చిన్న అల చూసి కూడా కాళ్ళు వెనక్కి లాగాయి. ఒకటి వదిలేశాను, ఇంకోటి వదిలేశాను, చాలాసేపు బోర్డు మీద అలాగే కూర్చున్నాను. చివరికి ఒకటి ఎక్కాను. సంతోషమనిపించలేదు. వదలలేనని మాత్రం తెలిసింది.

అందుకని మానను అత్తా. కానీ సముద్రం పడుకునే రోజులు ఏడాదిలో చాలానే ఉంటాయి. అప్పుడు ముక్కు దగ్గర నీళ్ళు రాళ్ళని నాకుతాయి తప్ప విరగవు. బడికి ఎవరూ రారు. ఆ రోజులన్నీ మీవి. ఈసారి సముద్రం పడుకోగానే బయలుదేరతాను. పామర్రులో దిగను.

బావకి ఇష్టమో కాదో కనుక్కోమని రాయబోయి ఆగాను. నువ్వేం అడగొద్దు. నేనొచ్చి అడుగుతాను.

నీ పద్మ


లంకమొగ
ఆగస్టు 7

తల్లీ,

ఇది అందేసరికి నువ్వు బయలుదేరి ఉంటావేమో. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

నువ్వు చెప్పిన రోజుల్లో మనవాళ్ళెవరూ పడవలు దించలేదు. మొగ దగ్గర కెరటాలు లేచి పడుతుంటే పిల్లలంతా ఒడ్డున నిలబడి చూశారు. రత్తయ్య వచ్చి నీ గురించి అడిగి వెళ్ళాడు.

బావ కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నాడు. నీ ఉత్తరం చదివిన రోజే మంచం అరుగు మీద వెయ్యమన్నాడు, అక్కణ్ణుంచి సముద్రం కనబడుతుందని. రోజూ లేస్తూనే అటు చూడటం, "ఇంకా తగ్గలేదే" అనుకోవడం. మీ మామయ్య ఉండబట్టలేక అడిగాడు, "పడవ లేదు, కాలు కుదరలేదు, సముద్రం తగ్గితే నీకెందుకురా?" అని. వాడు కర్ర అందుకుని వాకిట్లోకి నడిచాడు. ఎందుకో నాకు తెలుసు, మీ మామయ్యకి చెప్పలేదు.

ఇవాళ నేను లేచేసరికి వాడు నాకంటే ముందే లేచాడు. అద్దం గోడకి ఆనించుకుని, ఒక చేత్తో కర్ర పట్టుకుని, గడ్డం గీసుకుంటున్నాడు. ఆస్పత్రికి వెళ్ళినప్పటినుంచి పెరిగిన గడ్డం. ఏమిట్రా విశేషం అన్నాను. అద్దంలోకి చూస్తూనే రెండో చెంప గీసుకున్నాడు.

బయటికి వచ్చి చూశాను. నీళ్ళు ఎక్కడివక్కడే పడుకుని ఉన్నాయి.

అత్త